కనబడని తీగ వెంబడి

ఆపరేటింగ్ సిస్టమ్‌ను కొత్త వెర్షన్‌కి మార్చి ల్యాప్‌టాప్ మళ్లీ ఆన్ చేశాం. తెర రంగులు మారాయి, అక్షరాలు నున్నబడ్డాయి. మూలన విసనకర్రలా ఉండే వై-ఫై గుర్తు మాత్రం లేదు. నిన్న రాత్రి వరకూ ఇదే గదిలో, ఇదే రూటర్‌తో నడిచిన యంత్రమే. పక్కనున్న ఫోన్‌లో నెట్ ఎప్పట్లాగే వస్తోంది. కార్డు కాలిపోలేదు, రూటర్ చెడిపోలేదు, పాస్‌వర్డ్ ఎవరూ మార్చలేదు. మరి ఏం జరిగినట్టు?

వై-ఫై అని ఒక్క మాటలో అనేస్తాం గానీ అది ఒక్క వస్తువు కాదు. ఒకదాని భుజం మీద ఒకటి ఎక్కి నిలబడ్డ అరడజనుకు పైగా పనిముట్ల వరస. వాటిని వేర్వేరు దేశాల్లో, వేర్వేరు కాలాల్లో, చాలావరకు ఒకరి ముఖం ఒకరు చూడని మనుషులు తయారుచేశారు. అప్‌గ్రేడ్ ఆ వరసలో కొన్నిటిని మారుస్తుంది, కొన్నిటిని అలాగే ఉంచుతుంది. కొత్తదీ పాతదీ కలిసే అతుకు దగ్గర పట్టు తప్పుతుంది. అయితే ఇక్కడ పట్టు తప్పవచ్చని ముందే ఊహించి, వెతుక్కుంటూ వచ్చేవాళ్ల కోసం ప్రతి అతుకు దగ్గరా ఒక చిన్న కిటికీ వదిలారు ఆ పనివాళ్లు. ఆ కిటికీల్లోంచి చూస్తే పనితనమంతా కనబడుతుంది. లినక్స్‌లో, ముఖ్యంగా చాలామంది వాడే ఉబుంటులో, ఆ లోపలి కట్టుబడి మూత లేకుండా ఉంటుంది కనుక దాన్నే తీసుకుంటాను.

చేయి తిరిగినవాళ్లు ఈ జబ్బు దగ్గరికి వచ్చినప్పుడు ముందు ఒకటే అడుగుతారు: ‘ఏ రకం లేదు?’ అని. గుర్తే లేకపోవడం ఒకటి. గుర్తుంది, చుట్టుపక్కల నెట్‌వర్క్ పేర్లు రావడం లేదు, అది రెండు. పేర్లు వచ్చాయి, మనది నొక్కితే పాస్‌వర్డ్ మళ్లీ మళ్లీ అడుగుతోంది, అది మూడు. కలిసినట్టే చూపించి ఏ పేజీ తెరవకపోవడం నాలుగు. ఈ నాలుగూ ఇంటికి నాలుగు అంతస్తుల్లాంటివి. కింది అంతస్తు నిలవకుండా పైది నిలవదు. పేర్లు కనబడ్డాయంటే చాలు, కార్డూ డ్రైవరూ యాంటెన్నా అన్నీ పని చేస్తున్నట్టే. ఇక వాటి జోలికి పోనక్కర్లేదు. ఒక్క ప్రశ్నతో సగం ఇల్లు వెతకాల్సిన పని తప్పుతుంది.

అన్నిటికంటే కింద ఉన్నది కార్డు. వెనక మూత మరలు విప్పితే ఒక మూలన కనబడుతుంది. ఇప్పటి ల్యాప్‌టాప్‌లలో విడిగా వచ్చే కార్డు ఎక్కువగా 22 మిల్లీమీటర్ల వెడల్పు, 30 మిల్లీమీటర్ల పొడవు ఉంటుంది. పెద్ద తపాలా బిళ్లంత. ఒక చివర బంగారు పూత పళ్లు, వాటి మధ్య ఒకటో రెండో గాట్లు. ఆ గాట్లు నడిమధ్యన ఉండవు, ఒక పక్కకి జరిగి ఉంటాయి. అందుకే తిరగేసి పెట్టాలన్నా దూరదు, వేరే రకం కార్డుకి ఉద్దేశించిన చోట పెట్టాలన్నా దూరదు. తప్పు చేయడానికి వీల్లేకుండా ఆకారంతోనే కట్టడి చేయడం నాకు చాలా నచ్చిన పనితనం.

రెండో చివర రెండు సన్నని తీగలు, ఒకటి తెల్లది, ఒకటి నల్లది. ఆవగింజంత ఇత్తడి టోపీలతో కార్డు మీద కూర్చుని ఉంటాయి. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో ఒక కుర్రాడు వాటిని గోటి అంచుతో లేపడం చూశాను. ‘తెల్లది మెయిన్, నల్లది ఆక్స్ సార్. నిలువుగా పైకి లేపాలి, పక్కకి వంచితే పోతుంది’ అన్నాడు, చేయి ఆపకుండానే. ఆ జాగ్రత్తకి లెక్క ఉంది. ఈ రకం కనెక్టర్లలో బాగా వాడుకలో ఉన్నదాన్ని తయారీదారులు 30 సార్లు తీసి పెట్టడానికే హామీ ఇస్తారు. రోజూ తీసే ప్లగ్గు కాదది. ఒకసారి పెట్టి, మరి ఎప్పుడో గానీ ముట్టుకోకూడనిది.

ఆ తీగలు బోర్డు అంచు పట్టుకుని కీలు సందులోంచి చాలా ల్యాప్‌టాప్‌లలో తెర పై అంచుకి వెళతాయి. యాంటెన్నాలు అక్కడ ఉంటాయి. బోర్డు రొదకి దూరంగా, మన చేతుల అడ్డు లేకుండా, ఎత్తున. 2.4 గిగాహెర్ట్జ్ తరంగం పొడవు 12.5 సెంటీమీటర్లు, అందులో నాలుగో వంతు, అంటే సుమారు 3 సెంటీమీటర్ల లోహపు రేకు చాలు దాన్ని పట్టడానికి. మూత లోహంతో చేసిన ల్యాప్‌టాప్‌లలో ఒక ప్లాస్టిక్ పట్టీ కనబడితే అది అలంకారం కాదు, తరంగాలకి తలుపు. పక్క గదిలోని రూటర్ నుంచి ఇక్కడికి చేరే సంకేతం మైనస్ 67 డీబీఎం ఉందనుకోండి, అది వాటులో వంద కోట్లవ వంతులో అయిదో భాగం. అంతటి సూక్ష్మమైన దాన్ని విని అందులోంచి సినిమా తీసి చూపిస్తుంది ఆ బిళ్ల.

అప్‌గ్రేడ్ ఈ లోహాన్ని ముట్టుకోదు. కాబట్టి వెతుకులాట ఇక్కడినుంచి పైకి మొదలవుతుంది.

ప్రతి కార్డులోనూ దాని పేరు చెక్కి ఉంటుంది, మాటలతో కాదు, సంఖ్యలతో. నాలుగు స్థానాల సంఖ్య తయారీదారుది, మరో నాలుగు స్థానాల సంఖ్య ఆ నమూనాది. ఇంటెల్‌ది 8086, 1978లో ఆ కంపెనీ తెచ్చిన ప్రాసెసర్ పేరే. బ్రాడ్‌కామ్‌ది 14ఇ4, రియల్‌టెక్‌ది 10ఇసి, ఎథెరోస్‌ది 168సి. టెర్మినల్‌లో ‘ఎల్ఎస్‌పీసీఐ -ఎన్ఎన్’ అనే ఆజ్ఞ ఇస్తే బోర్డు మీదున్న ప్రతి పీసీఐ పరికరం ఈ ఎనిమిది స్థానాల పేరుతో హాజరు పలుకుతుంది. అట్ట మీద ఏం రాసి ఉన్నా, కొట్టువాడు ఏం చెప్పినా, నమ్మాల్సింది ఈ ఎనిమిదినే. ఒకే మోడల్ పేరుతో అమ్మిన రెండు ల్యాప్‌టాప్‌లలో రెండు వేరు కార్డులు ఉండడం మామూలే.

ఆ సంఖ్యతో జరిగే పని చూడముచ్చటగా ఉంటుంది. ప్రతి డ్రైవరూ తాను ఏయే సంఖ్యలను చూసుకోగలదో తన ఒంటి మీదే జాబితా రాసుకుని పుడుతుంది. లినక్స్‌కి గుండెకాయ అయిన కెర్నెల్‌ను ఎక్కించేటప్పుడు ఒక చిన్న ప్రోగ్రాము ఆ జాబితాలన్నీ పోగుచేసి వేల వరసల పట్టీ ఒకటి తయారుచేస్తుంది. ల్యాప్‌టాప్ ఆన్ కాగానే కార్డు తన సంఖ్య పలుకుతుంది. మధ్యవర్తి ప్రోగ్రాము ఒకటి పట్టీలో చూసి దానికి తగ్గ డ్రైవర్‌ని పిలుస్తుంది. ఆ మధ్యవర్తికి కార్డు సంగతీ తెలియదు, డ్రైవర్ సంగతీ తెలియదు. సంఖ్య కుదిరితే చాలు. ఎల్ఎస్‌పీసీఐకి కొన్ని అక్షరాలు జోడించి అడిగితే కార్డు పేరు కింద ‘వాడుకలో ఉన్న డ్రైవర్’ అనే వరస కూడా చూపిస్తుంది. అప్‌గ్రేడ్ తర్వాత గుర్తే కనబడని వై-ఫైలో తరచుగా ఆ వరస ఉండదు. కార్డు పేరు పలికింది, ‘నేను’ అంటూ ఎవరూ లేవలేదు. మొదటి కిటికీ అది.

ఎందుకు లేవలేదు? ఇక్కడ కాసేపు ఆగాలి, అప్‌గ్రేడ్ జబ్బుల్లో పేరుమోసినది ఇదే.

డ్రైవర్లు రెండు రకాలు. కెర్నెల్ ఇంట్లోనే పుట్టి పెరిగేవి కొన్ని, బయటినుంచి తెచ్చి తగిలించేవి కొన్ని. కెర్నెల్ తన లోపలి కొలతలు ఎప్పుడైనా మార్చుకునే స్వేచ్ఛ ఉంచుకుంటుంది. మార్చినప్పుడు ఇంట్లో డ్రైవర్లన్నిటికీ ఆ మార్చినవాళ్లే కుట్లు విప్పి సరిచేస్తారు. బయట కుట్టించిన చొక్కా సంగతి వాళ్లకి తెలియదు. పైగా ఏ డ్రైవర్ మాడ్యూల్‌కైనా తాను ఏ కెర్నెల్ కోసం తయారైందో ఒక ముద్ర ఉంటుంది. ముద్ర సరిపోకపోతే కెర్నెల్ దాన్ని గడప దాటనివ్వదు. కొలత తప్పిన మాడ్యూల్ లోపలికి వస్తే మొత్తం యంత్రమే కూలవచ్చు కనుక ఆ కఠినత్వం న్యాయమే.

బయటి డ్రైవర్ల కోసం 2003లో డెల్ ఇంజినీర్లు ఒక ఉపాయం చేశారు. దాని పేరు డీకేఎంఎస్. తయారైన డ్రైవర్‌ని కాకుండా దాని మూల పాఠాన్ని యంత్రంలో దాచి ఉంచుతారు. కొత్త కెర్నెల్ వచ్చిన ప్రతిసారీ ఎవరూ అడక్కుండానే డీకేఎంఎస్ లేచి, ఆ పాఠాన్ని కొత్త కొలతలతో మళ్లీ కుట్టి ఇస్తుంది. కుట్టడానికి కొలతల పుస్తకం కావాలి. కెర్నెల్ హెడర్లు అనే ప్యాకేజీ ఆ పుస్తకం. అప్‌గ్రేడ్‌లో కెర్నెల్ వచ్చి హెడర్లు రాకపోతే దర్జీ బట్ట ముందేసుకుని ఊరకే కూర్చోవాల్సిందే. ఆ ప్యాకేజీ ఒకటి వేస్తే చాలు, కుట్టు పూర్తయి వై-ఫై లేచి కూర్చుంటుంది.

కొలతల పుస్తకం ఉండీ కుట్టు కుదరని సందర్భం ఇంకా ఆసక్తిగా ఉంటుంది. ఉబుంటు 20.04 వచ్చింది 5.4 కెర్నెల్‌తో, 22.04 వచ్చింది 5.15తో. ఈ రెంటికీ నడుమ, 2020 మార్చిలో వచ్చిన 5.6 కెర్నెల్ ‘ఐఓరీమ్యాప్ నోక్యాష్’ అనే ఒక పిలుపును తీసేసింది. పరికరం జ్ఞాపకాన్ని కెర్నెల్‌కి అందుబాటులోకి తెచ్చే పిలుపది. మామూలు ‘ఐఓరీమ్యాప్’ కూడా అదే పని చేస్తోంది గనుక రెండెందుకని ఒకటి తొలగించారు. ఇంట్లో డ్రైవర్లన్నిటిలోనూ పాత పేరు కొట్టేసి కొత్త పేరు రాశారు. బ్రాడ్‌కామ్ కార్డుల కోసం బయటినుంచి వచ్చే ‘డబ్ల్యూఎల్’ డ్రైవర్ పాఠంలో మాత్రం పాత పేరు ఉండిపోయింది. ఒక్క మాట తేడా. డ్రైవరే తయారు కాదు. డీకేఎంఎస్ దాన్ని మౌనంగా మింగదు. ఏ ఫైల్లో, ఏ వరసలో, ఏ మాట దగ్గర దారం తెగిందో ఒక చిట్టాలో రాసి పెడుతుంది. ఆ చిట్టా తెరిచి చదవడం వచ్చినవాళ్లకి మందు కూడా అక్కడే దొరుకుతుంది.

మందు వేయడానికి వీలుండడం వెనక మరో తెలివి ఉంది. ఈ డబ్ల్యూఎల్ డ్రైవర్‌కి రెండు భాగాలు. లోపలి గుజ్జు కంపెనీ మూసిపెట్టి ఇచ్చిన ముద్ద, చదవలేం. దాని చుట్టూ కెర్నెల్‌తో మాట్లాడే పలచటి తొక్క మాత్రం చదవగలిగే పాఠం. కెర్నెల్ మారినప్పుడు మారాల్సినవన్నీ తొక్కలోనే ఉంటాయి కనుక, గుజ్జు ఎవరికీ తెలియకపోయినా తొక్కకి మాసిక వేసి ఏళ్ల తరబడి దాన్ని బతికించుకొస్తున్నారు ప్యాకేజీలు కట్టేవాళ్లు. ఒక్కో కెర్నెల్‌కి ఒక్కో మాసిక, వరసగా సంఖ్యలు వేసి. పాత పంచెకు పడ్డ చిల్లులను ఒక్కొక్కటిగా అల్లి పూడ్చే రఫూ పనివాడి ఓపిక అది.

అంతా కుట్టినా డ్రైవర్ లోపలికి రాని సందర్భం ఇంకొకటి. సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉన్న యంత్రం సంతకం లేని మాడ్యూల్‌ని రానివ్వదు. మన యంత్రంలో మనమే కుట్టుకున్న దానికి సంతకం ఎవరు చేయాలి? యజమానే. అందుకే అప్‌గ్రేడ్ మధ్యలో ఒక పాస్‌వర్డ్ పెట్టమని అడుగుతుంది; రీస్టార్ట్ కాగానే ఆపరేటింగ్ సిస్టమ్ ఇంకా లేవకముందే నీలి తెర ఒకటి వచ్చి అదే పాస్‌వర్డ్ మళ్లీ అడుగుతుంది. చాలామంది కంగారుపడి దాన్ని దాటవేస్తారు, వై-ఫై పోయేది అక్కడే. ఆ నీలి తెర అక్కడెందుకుందో తెలిస్తే ముచ్చటేస్తుంది. సిస్టమ్ లేవకముందు నెట్‌వర్క్ ఉండదు, ఏ దూరపు దొంగా రాలేడు. ఆ క్షణాన కీబోర్డు మీద వేళ్లు పెట్టగలిగేది యంత్రం ఎదుట కూర్చున్న మనిషే. ‘నువ్వు ఇక్కడే ఉన్నావా’ అని అడగడానికి ఇంతకంటే మంచి సమయం లేదు.

బ్రాడ్‌కామ్ కార్డుల పేరెత్తాక ఇంకో డ్రైవర్ సంగతి చెప్పకుండా ముందుకు పోలేను. మొదట్లో ఆ కార్డులకు లినక్స్ డ్రైవర్ లేదు, అవి ఎలా పనిచేస్తాయో చెప్పే పత్రమూ లేదు. అప్పుడు కొందరు రెండు బృందాలుగా విడిపోయారు. ఒక బృందం కంపెనీ డ్రైవర్ యంత్ర భాషను విప్పి, అది కార్డుకి ఏ క్రమంలో ఏ అంకెలు పంపుతోందో చూసి, తమ మాటల్లో వివరణ రాసింది. రెండో బృందం కంపెనీ డ్రైవర్ వంక కన్నెత్తి చూడకుండా, ఆ వివరణ మాత్రమే చదివి కొత్త డ్రైవర్ రాసింది. ఒకరి పాఠాన్ని మరొకరు కాపీ కొట్టారన్న మాట రాకుండా మధ్యన కట్టుకున్న గోడ అది. అలా పుట్టిన డ్రైవర్ 2006లో కెర్నెల్‌లోకి వచ్చింది. 2008లో ‘బీ43’గా కొత్త రూపు తీసుకుంది.

బీ43 మీద, ఆ తర్వాత రియల్‌టెక్ డ్రైవర్ల మీద ఏళ్ల తరబడి పనిచేసినవారిలో ల్యారీ ఫింగర్ ఒకరు. వృత్తిరీత్యా ఆయన స్ఫటిక శాస్త్రవేత్త, అమెరికాలోని కార్నెగీ సంస్థ భూభౌతిక ప్రయోగశాలలో పనిచేశారు. ఎల్ సాల్వడార్‌లోని ఇజాల్కో అగ్నిపర్వతం దగ్గర దొరికిన ఒక ఖనిజానికి ఆయన గౌరవార్థం ఫింగరైట్ అని పేరు పెట్టారు. స్ఫటికంలో పరమాణువుల అమరికను ఎవరూ కళ్లతో చూడలేరు. ఎక్స్ కిరణాలు పంపి, అవి చెదిరిన తీరును బట్టి లోపల ఏది ఎక్కడుందో లెక్కగట్టాలి. మూసి ఉన్న చిప్‌కి అంకెలు పంపి, తిరిగొచ్చిన అంకెలను బట్టి లోపలి కట్టుబడి ఊహించడం అంతకంటే వేరే పనేమీ కాదు. అప్‌గ్రేడ్ తర్వాత వై-ఫై పోయిందని అడిగిన ముక్కూ మొహం తెలియనివాళ్లకు ఆయన ఓపిగ్గా జవాబులిచ్చేవారు. 2024 జూన్‌లో కన్నుమూశారు. ఆయన రాసిన వరసలు ఇవాళ మన ఊళ్లలో పాత ల్యాప్‌టాప్‌లలోనూ నడుస్తున్నాయి.

డ్రైవర్ లోపలికి వచ్చాక దానికి ఇంకొకటి కావాలి, ఫర్మ్‌వేర్. కార్డులో సొంత చిన్న ప్రాసెసర్ ఉంటుంది. అది నడవడానికి కావాల్సిన ప్రోగ్రామును చాలా కార్డులు తమలో దాచుకోవు; ఆన్ అయిన ప్రతిసారీ డ్రైవర్ డిస్కు నుంచి తీసి అందించాలి. ఇంటెల్ వాళ్ల పద్ధతి చూడండి. ఫైలు పేరు చివర ఒక సంఖ్య ఉంటుంది, ఉదాహరణకి 8265-36. డ్రైవర్ తనకు తెలిసిన అతి పెద్ద సంఖ్యతో మొదలుపెట్టి అడుగుతుంది. లేదా? ఒకటి తగ్గించి అడుగుతుంది. అలా మెట్టు మెట్టు దిగుతూ తాను నడపగల ఆఖరి మెట్టు దాకా వెతుకుతుంది. కొత్త డ్రైవర్‌కి పాత ఫర్మ్‌వేర్ దొరికినా పని ఆగదు. ఈ దిగడాన్ని కెర్నెల్ చిట్టాలో చూసి, వరసగా ‘మైనస్ 2’ అనే లోపాలు కనబడగానే కొందరు బెదిరిపోతారు. మైనస్ 2కి ‘అలాంటి ఫైలు లేదు’ అని అర్థం, అంతే. ఆఖరి వరస దాకా చదివి, ఏదో ఒక మెట్టు దగ్గర దొరికిందా లేదా చూడాలి. దొరికితే అవన్నీ తలుపు తట్టిన చప్పుళ్లే.

ఇక రెండో అంతస్తు: వై-ఫై గుర్తు కనబడింది, పేర్లు రావడం లేదు. చూడాల్సింది తాళం. ‘ఆర్ఎఫ్‌కిల్’ అనే చిన్న వ్యవస్థ రేడియోలన్నిటి తాళాలూ చూసుకుంటుంది. తాళాలు రెండు: సాఫ్ట్, హార్డ్. మొదటిది మనం తెరమీద నొక్కేది, ఒక ఆజ్ఞతో తీసేయవచ్చు. రెండోది ల్యాప్‌టాప్ పక్కనుండే స్విచ్చుది, దాన్ని ఏ ప్రోగ్రామూ తెరవలేదు. విమానంలో రేడియో ఆపాలని మనిషి వేలితో చెప్పినప్పుడు సాఫ్ట్‌వేర్ దాన్ని కాదనకూడదని అలా కట్టారు. అయితే ఒక చిక్కు వచ్చింది. కొన్ని ఐడియాప్యాడ్ ల్యాప్‌టాప్ మోడళ్లలో అసలు స్విచ్చే లేదు, కానీ బోర్డు మాత్రం ‘స్విచ్చు ఆఫ్‌లో ఉంది’ అని చెబుతుంది. లేని తాళం పడిపోయి ఉంటుంది. కెర్నెల్ పనివాళ్లు మొదట ‘స్విచ్చు లేని మోడళ్లు’ అని ఒక జాబితా పెట్టి, దొరికినప్పుడల్లా ఒక పేరు చేర్చుతూ పోయారు. జాబితా పెరిగి పెరిగి ఊరంతా అయింది. చివరికి దాన్ని తిరగేసి ‘స్విచ్చు ఉన్న మోడళ్లు’ అని చిన్న జాబితా రాసుకున్నారు. ఓడిపోతున్న ఓపికను వదిలి లెక్కనే తిప్పి రాయడం, నా దృష్టిలో మొత్తం కెర్నెల్‌లో ముచ్చటైన దిద్దుబాట్లలో ఒకటి.

తాళం తీశాక కార్డు చెవి రిక్కిస్తుంది. ప్రతి రూటరూ మామూలుగా 102.4 మిల్లీసెకన్లకు ఒకసారి తన పేరు చాటుతుంది, సెకనుకి సుమారు పదిసార్లు. కార్డు ఒక్కో చానెల్‌లో కాసేపు ఆగి వింటుంది. ఏయే చానెళ్లలో వినాలో, ఎక్కడ మాట్లాడవచ్చో దేశం బట్టి మారుతుంది. అన్ని దేశాల నిబంధనలూ ఒక చిన్న ఫైల్లో రాసి, దానికి సంతకం చేసి కెర్నెల్‌కి ఇచ్చారు. మన దేశంలో 2.4 గిగాహెర్ట్జ్‌లో 13వ చానెల్ వాడవచ్చు. అమెరికాలో మామూలుగా 11 దగ్గరే ఆగాలి. అక్కడినుంచి అన్నయ్యో అల్లుడో తెచ్చిన ల్యాప్‌టాప్ అమెరికా నిబంధనలు పట్టుకుని కూర్చుంటే, ఇంట్లో రూటర్ 13వ చానెల్‌కి మారిన రోజు ఊళ్లో అందరి నెట్‌వర్కులూ కనబడి మనది ఒక్కటే కనబడదు. 2018లో మన కేంద్ర ప్రభుత్వం 5 గిగాహెర్ట్జ్ ప్రాంతంలో మొత్తం 605 మెగాహెర్ట్జ్‌ను లైసెన్సు అక్కర్లేకుండా వదిలింది. అలాంటి మార్పు యంత్రానికి తెలిసేది ఈ చిన్న ఫైలు ద్వారానే.

మూడో అంతస్తు పాస్‌వర్డ్‌ది. ఈ పనంతా చూసేది ‘డబ్ల్యూపీఏ సప్లికెంట్’, యౌని మాలినెన్ మొదలుపెట్టి దశాబ్దాలుగా కాపాడుకొస్తున్న ప్రోగ్రాము. ఇంట్లో ఎక్కువగా వాడే డబ్ల్యూపీఏ2 పద్ధతిలో మన పాస్‌వర్డ్ గాలిలోకి ఒక్కసారి కూడా వెళ్లదు. ల్యాప్‌టాప్ దాన్ని నెట్‌వర్క్ పేరుతో కలిపి 4096 సార్లు నూరి 256 బిట్ల తాళంచెవి చేసుకుంటుంది. రూటర్ దగ్గరా అదే చెవి ఉంది. ఇక నాలుగే మాటలు. రూటర్ ఒక యాదృచ్ఛిక సంఖ్య పంపుతుంది. ల్యాప్‌టాప్ తనది ఒకటి తీసి, రెండు సంఖ్యలూ, ఇద్దరి చిరునామాలూ, ఆ తాళంచెవీ కలిపి ఈ పూటకి మాత్రమే పనికొచ్చే కొత్త చెవి చేసి, దానితో ముద్ర వేసి తన సంఖ్య పంపుతుంది. రూటర్ అదే లెక్క తన దగ్గర వేసి ముద్ర సరిపోల్చుకుని మూడో మాట పంపుతుంది. నాలుగోది ‘సరే’. ఎవరూ రహస్యం చెప్పలేదు, ఇద్దరికీ రహస్యం తెలుసని మాత్రం తేలింది. ముద్ర కుదరకపోతే రూటర్ వాదించదు, ఊరుకుంటుంది. గడువు తీరితే చిట్టాలో 15 అనే కారణ సంఖ్య పడవచ్చు. ఆ 15 కనబడిందంటే ముందు చూడాల్సింది దాచుకున్న పాస్‌వర్డ్‌నే. అప్‌గ్రేడ్‌లో అది చెదిరిందేమో, మరిచిపోమని చెప్పి మళ్లీ కొట్టి చూడాలి.

కాలేజీల్లో, ఆఫీసుల్లో పద్ధతి వేరు. అక్కడ యూజర్ పేరూ పాస్‌వర్డూ ఒక సర్వర్ చూస్తుంది, ఆ సంభాషణకు ఓపెన్ఎస్ఎస్ఎల్ కవచం. 2022 ఏప్రిల్‌లో ఉబుంటు 22.04 వచ్చినప్పుడు ఇళ్లలో బాగానే కలిసిన ల్యాప్‌టాప్‌లు కొన్ని క్యాంపస్‌లలో కలవలేదు. కార్డు మంచిదే, డ్రైవర్ మంచిదే, పాస్‌వర్డ్ సరైనదే. సంగతి ఏమిటంటే, సంభాషణ మధ్యలో కవచాన్ని మళ్లీ కుదుర్చుకునే పాత పద్ధతిలో ఒక లొసుగు 2009లో బయటపడింది. 2010లో దానికి సురక్షితమైన పద్ధతి వచ్చింది. పాత సర్వర్లు కొన్ని దాన్ని నేర్చుకోలేదు. పన్నెండేళ్లు అందరూ సర్దుకుపోయారు. కొత్త ఉబుంటులో ఉన్న ఓపెన్ఎస్ఎస్ఎల్ 3 ఇక సర్దుకోనంది. చిట్టాలో ఆ మాట స్పష్టంగానే రాసింది: సురక్షితం కాని పాత పద్ధతిని ఆపేశాను అని. తీగ లాగితే డొంకంతా కదిలినట్టు, ఒక ల్యాప్‌టాప్‌లో మొదలైన వెతుకులాట ఎక్కడో సర్వర్ గదిలో పాతబడ్డ పెట్టె దగ్గర తేలింది.

నాలుగో అంతస్తు గురించి ఎక్కువ చెప్పను. చిరునామా 169.254తో మొదలైతే రూటర్ చిరునామా ఇవ్వలేదని అర్థం. చిరునామా ఉండి, అంకెలతో పలకరిస్తే పలికి, పేరుతో పిలిస్తే పలకకపోతే తప్పు పేర్లను అంకెలుగా మార్చే చోట ఉంది. ఈ రెండు పరీక్షలకీ నిమిషం పట్టదు.

వీటన్నిటికంటే నేను మెచ్చేది ఇంకొకటి. ఉబుంటు కొత్త కెర్నెల్ వేసినా, దానికి ముందు నడిచిన కెర్నెల్‌ను వెంటనే పారేయదు. ఆన్ చేసేటప్పుడు తెప్పించుకోగల గ్రబ్ మెనూలో ‘అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్’ కింద పాతది అలాగే ఉంటుంది. దానితో లేపి చూడండి. వై-ఫై వచ్చిందా, కార్డు, యాంటెన్నా, రూటర్ నిర్దోషులని ఒక్క రీస్టార్ట్‌తో తేలిపోయింది. తప్పు కొత్త కెర్నెల్‌కీ డ్రైవర్‌కీ నడుమ ఉంది. నెట్ బాగుచేయడానికి నెట్ కావాల్సిన చిక్కుకి కూడా దారి ఉంది: ఫోన్‌ని చార్జింగ్ కేబుల్‌తో తగిలించి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేస్తే ల్యాప్‌టాప్ దాన్ని తీగ ఉన్న నెట్‌వర్క్ కార్డుగా చూస్తుంది. కావాల్సిన హెడర్లో ఫర్మ్‌వేరో ఆ దారినే దిగుతాయి.

కాబట్టి ఒక మనవి. వచ్చే అప్‌గ్రేడ్‌కి ముందు, వై-ఫై బాగా నడుస్తున్న రోజునే, ఎల్ఎస్‌పీసీఐ చెప్పే ఆ ఎనిమిది స్థానాల సంఖ్యనూ దాని కింద కనబడే డ్రైవర్ పేరునూ ఒక చీటీ మీద రాసి ల్యాప్‌టాప్ సంచిలో పెట్టుకోండి. అప్‌గ్రేడ్ మధ్యలో పాస్‌వర్డ్ అడిగితే అదీ రాసుకోండి, నీలి తెర వచ్చినప్పుడు దాటవేయకండి.